అద్దం వెనక మనిషి

క్లైవ్ హానిగన్ పొద్దున్నే ఒక పందిని ఒలిచి, చేతులు ప్యాంటుకి తుడుచుకుని, ఆ చేతులతోనే డిటెక్టివ్ సార్జెంట్ హేజల్ డ్వయర్‌కి టీ అందించాడు. కప్పు పిడి మీద ఎర్రగా వేలిముద్ర పడింది. హేజల్ ఆ కప్పును తుపాకుల గది కిటికీ గట్టు మీద పెట్టి మళ్ళీ దానివైపు చూడలేదు.

ముందురోజు రాత్రి హానిగన్ పశువుల బీడులో ఒక మనిషి చనిపోయాడు. పేరు లెస్ పర్విస్. లైసెన్సు తీసుకుని కంగారూలను వేటాడి మాంసం కంపెనీకి అమ్ముకునేవాడు. తన బండిలో డ్రైవరు సీట్లో కూర్చుని ఉండగా తూటా వచ్చి మెడ పైభాగాన తగిలింది. పంది అనుకుని తనే కాల్చానని హానిగన్ కొడుకు టోబీ ఒప్పుకున్నాడు.

ఆ ఒప్పుకోలు కాగితం మీద పెట్టించింది ఇన్‌స్పెక్టర్ బ్రెట్ లోమాక్స్. కోస్తా నగరంలోని పెద్ద ఆఫీసు నుంచి వచ్చినవాడు. హేజల్ పనిచేసే ఊరు ఇక్కడికి గంట దూరం. లోమాక్స్ నగరం ఒక పగలంతా ప్రయాణం. అయినా ఆమె వచ్చేసరికి అతనే ముందున్నాడు. సెలవు మీద ఈ చుట్టుపక్కలే ఒక స్నేహితుడి ఇంట్లో ఉన్నాననీ, హానిగన్ ఫోన్ చేస్తే వచ్చాననీ చెప్పాడు. ఇప్పుడు గదిలో ఉన్న ఒక్క తోలు కుర్చీలో కూలబడి రొట్టెలో సాసేజి పెట్టుకుని తింటున్నాడు. ఉల్లిపాయ తునక ఒకటి జారి టై మీద పడింది. దాన్ని కూడా ఏరుకుని నోట్లో వేసుకున్నాడు.

నిన్న రాత్రి వాడిన తుపాకీ ఏది, అదే ఎందుకు తీశారు అని హేజల్ హానిగన్‌ని అడిగింది. తనకు ఇవేవీ తెలియవన్నట్టే అడిగింది. నిజానికి ఆమె తండ్రి కూడా కంగారూ వేటగాడే, ఆమె పెరిగింది ఖాళీ తూటా గొట్టాలతో ఆడుకుంటూ. ఇవన్నీ తెలిసిన మనిషనుకుంటే హానిగన్ మాటలు ఆచితూచి వదులుతాడు. తెలియని ఆడమనిషికి పాఠం చెప్పే అవకాశం దొరికితే మాత్రం ఆపడు.

ఆపలేదు కూడా.

"రాత్రి వేటకి తుపాకీ ఏరుకోవడమంటే చెప్పుల జత కొనడం కాదమ్మా. ఏం చంపుతావో ముందు తేల్చుకోవాల. నక్క అనుకో, టూ టూ త్రీ చాలు. చిన్న తూటా, వేగం ఎక్కువ. దూరగానే లోపల చితికిపోద్ది, బయటికి రాదు. తుపాకీ తన్నదు గనక దెబ్బ ఎక్కడ పడిందో దాని మీదున్న దుర్భిణిలోనే చూసుకోవచ్చు. చీకట్లో అది ముఖ్యం. పంది కాడ ఆ పప్పులుడకవు. మగపంది భుజాల మీద తోలు అట్ట కట్టి ఉంటది. దానికి త్రీ నాట్ ఎయిట్ కావాల, బరువు తూటా కావాల. ఇటు దూరి అటు తేలుద్ది. వెనక తలుపున్నా ఆగదు."

మరి కంగారూకి ఏది వాడతారని అడిగింది.

"లైసెన్సు వాళ్ళు టూ టూ త్రీనే. తలకే కొట్టాల. ఒంట్లో తగిల్తే ఆ మాంసం కంపెనీ తీసుకోదు." అని హానిగన్ నవ్వాడు. "నా దగ్గరికి నగరం నించి వచ్చే అతిథులకి ఇవన్నీ పట్టవులే. ఏది పెద్దగా పేలితే అది కావాల. పోయిన నెల్లో ఒకాయన పిల్లున్న ఆడ కంగారూని త్రీ నాట్ ఎయిట్‌తో కొట్టాడు. మధ్యలో ఏం మిగల్లా. తోకా చెవులూ పట్టుకుని ఫొటో తీయించుకున్నాడు."

లోమాక్స్ కూడా నవ్వాడు. హేజల్ గోడ మీది తుపాకులవైపు తిరిగింది. ఆమె తండ్రి ఒక్క తూటా గురితప్పితే ఆ జంతువు కోసం రాత్రంతా పొదలు గాలించేవాడు. బాధపడుతున్నదాన్ని వదిలి ఇంటికొస్తే అన్నం సహించేది కాదు ఆయనకి.

గోడ మీద మేకులకు వేలాడుతున్న తుపాకుల్లోంచి హానిగన్ ఒకటి దించాడు. టోబీ కాల్చింది దీనితోనేనన్నాడు. త్రీ నాట్ ఎయిట్. పైన మామూలు గాజు దుర్భిణి లేదు, వేడిని చూపే థర్మల్ దుర్భిణి ఉంది. దీపం అక్కర్లేదని, ఒంట్లో వేడి ఉన్న ప్రాణి ఏదైనా కారుచీకట్లో సైతం తెల్లగా వెలుగుతుందని, పంది తన చావు వస్తున్నట్టు కూడా ఎరగదని మురిసిపోతూ చెప్పాడు. ఇంట్లో థర్మల్ ఉన్న తుపాకీ ఇదొక్కటే. మిగతావాటికి మామూలు గాజే.

కొడుకుని పిలవమంది హేజల్.

టోబీ ఇరవై దాటినవాడు, తండ్రికన్నా ఎత్తరి, కానీ భుజాలు ముడుచుకుని నిలబడే తీరు చూస్తే పొట్టివాడిలా కనిపిస్తాడు. గోళ్ళు మాంసం కనబడేదాకా కొరుక్కున్నాడు. కాగితంలో ఉన్నదే చెప్పాడు. వాగు ఒడ్డున తెల్లటి ఆకారం కనబడింది, పంది అనుకున్నాడు, కాల్చాడు, దగ్గరికి వెళ్ళి చూస్తే పర్విస్ బండి. మాటలు ఒకదాని వెనక ఒకటి బడిపిల్లవాడి పద్యంలా వచ్చాయి. గోడకానుకున్న హానిగన్ పెదాలు కూడా కొడుకు మాటలతోపాటే కదులుతున్నాయి.

దుర్భిణిలో ఏం కనబడిందో ఇంకాస్త వివరంగా చెప్పమంది హేజల్. తల కనబడిందా, భుజాలు కనబడ్డాయా అని అడిగింది.

"రెండూ కనబడ్డాయండి. తెల్లగా, స్పష్టంగా. నోరు కూడా ఆడుతోంది. అందుకే పంది మేస్తోందనుకున్నా."

"నోరు ఆడటం నువ్వు చూశావా?"

టోబీ తండ్రివైపు చూశాడు. "చూశానండి."

లోమాక్స్ చేతులు దులుపుకుని లేచాడు. కుర్రాడు ఒప్పుకున్నాడు, సంతకం పెట్టాడు, లైసెన్సు పోతుంది, కోర్టులో నాలుగు చీవాట్లు తింటాడు, చచ్చినవాడు ఎలాగూ తిరిగి రాడు, ఇంకా ఇక్కడ తవ్వేదేముంది అన్నాడు. సాయంత్రానికల్లా కాగితాలు పంపించేయమన్నాడు.

బండి చూశాకే పంపుతానంది హేజల్.

"చూసుకో. కడిగించేశాను."

 మనిషి చచ్చిన చోటు అది. ఫొటోలు సరిగ్గా తీయలేదు, కొలతలు లేవు. శవాన్ని ఎత్తగానే పైపు పెట్టి కడిగించాడట.

"ఎవరు కడగమన్నారు?"

"నేనే. ఈగలు ముసురుతున్నాయి. వాసన ఇంట్లోకొస్తోందని క్లైవ్ ఇబ్బంది పడ్డాడు. నీకు ముక్కు లేదేమో గానీ మిగతావాళ్ళకుంది, హేజల్."

పందుల పేగులు వాకిట్లో కుప్ప పోసుకున్న ఇంటికి, మనిషి నెత్తురు మాత్రం వాసనొచ్చిందన్నమాట. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. మింగేసి బయటికి నడిచింది.

బండిని ట్రాక్టరుతో లాక్కొచ్చి షెడ్డులో పెట్టారు. దాని పక్కనే పర్విస్ మాంసం దాచుకునే కోల్డ్ రూమ్, చక్రాల మీద నిలిపిన తెల్లటి పెట్టె. హేజల్ ముందు దాని తలుపు తీసింది. ముందు వరసలో వేలాడుతున్న కంగారూలను చూస్తే పనివాడి చెయ్యి తెలుస్తోంది. తలకే దెబ్బ, శుభ్రంగా కోసిన పొట్ట, కాలికి పర్విస్ లైసెన్సు నంబరున్న ప్లాస్టిక్ బిళ్ళ.

వెనక వరస దగ్గరికి వెళ్ళగానే ఆమె చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. కడుపులో తూటా దిగినవి, తొడలు ఎగిరిపోయినవి. పేగుల్లోని ఆకుపసరు చలికి గడ్డకట్టి మాంసానికి పచ్చగా అంటుకుని ఉంది. ఒకదాని పొట్ట సంచీలోంచి పిల్ల కాళ్ళు వేలాడుతున్నాయి, ఎవరూ తీయలేదు. అన్నింటికీ పర్విస్ నంబరు బిళ్ళలే. కానీ ముందువరసలో బిళ్ళలు తీగతో మెలిపెట్టి ఉంటే వీటికి నైలాన్ దారంతో ఏదో ముడి వేసి ఉంది. పర్విస్ వేసిన ముడి కాదది. అతిథులు సరదాకి కాల్చిన చెత్తని ఎవరో పర్విస్ పేరు మీద వేలాడదీశారు. రేపు ఇది ఎవరి పళ్ళేల్లోకో వెళ్ళేది. హేజల్ తలుపు మూసి, బయట నిలబడి, నోట్లో ఊరిన నీళ్ళు ఉమ్మేసింది.

తర్వాత బండి చూసింది. నేల, సీట్లు నున్నగా కడిగారు. డ్రైవరు పక్క కిటికీలో అద్దం లేదు. వేటగాళ్ళు కిటికీలోంచే కాలుస్తారు గనక పర్విస్ అద్దం దించుకుని కూర్చున్నాడని లోమాక్స్ కాగితంలో రాశాడు. హేజల్ కిటికీ చట్రం పైభాగంలో రబ్బరు గాడిలోకి వేలు పోనిచ్చింది. గరుకుగా తగిలింది. టార్చి వేసి చూసింది. పై అంచు పొడుగునా గాజు పలుకులు ఇరుక్కుని ఉన్నాయి. అద్దం దించి ఉంటే ఆ గాడి ఖాళీగా ఉండాలి. తూటా వచ్చినప్పుడు అద్దం పూర్తిగా పైకెక్కించి ఉంది.

ఈ దేశంలో జూలై అంటే నడి చలికాలం, రాత్రి చలి ఎముకలు కొరికేస్తుంది. వేట ముగిశాక ఎవరైనా అద్దం ఎక్కించుకునే కూర్చుంటారు. ఎందుకు కూర్చున్నాడో సీటు సందులో దొరికింది. నీళ్ళకి నానిపోయి బూడిదరంగు ముద్దగా మారిన సగం రొట్టె, మధ్యలో చల్లటి గొర్రెమాంసం. పర్విస్ తింటున్నాడు. పైకప్పుకున్న చిన్న దీపం స్విచ్చి వెలిగే వైపే నొక్కి ఉంది. తాళం తిప్పితే బండి మూలగనైనా మూలగలేదు. దీపం తెల్లారేదాకా వెలిగి బ్యాటరీని పీల్చేసింది.

ఎదుటి తలుపుకి ఒక్క చిల్లు లేదు. ఆ వైపు అద్దం చెక్కుచెదరలేదు. సీటుకి చిరుగు లేదు. పొద్దున శవపరీక్ష చేస్తున్న డాక్టరు ఫోన్లో చెప్పిన మాట ఆమెకు గుర్తుంది. తూటా అంటూ ఏమీ దొరకలేదని, మెడలో నూకల్లాంటి రాగి ముక్కలు మాత్రం ఏరుతున్నానని ఆయన అన్నాడు. పందిని ఇటు దూరి అటు తేలే త్రీ నాట్ ఎయిట్ బరువు తూటా మనిషి మెడలో నూకలవ్వదు. పర్విస్‌ని కొట్టింది చిన్న తూటా.

గుమ్మంలో నీడ పడింది. లోమాక్స్ వచ్చి తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు.

"ఈ కేసు నాది. నువ్వు నా మీద పై అధికారివి కావు" అన్నాడు.

మీది కాదని నేననలేదండి అని, అద్దం సంగతి, తూటా సంగతి రెండూ చెప్పింది. దీపం సంగతీ రొట్టె సంగతీ చెప్పలేదు.

అతను భుజాలు ఎగరేశాడు. "సరే, అద్దం మూసే ఉంది. ఏమవుద్ది? గాజు తగిలి తూటా చితికింది. తూటాకి అద్దం అడ్డమా?"

"తూటాకి కాదు" అంది హేజల్. "ఆ తుపాకీ తెమ్మనండి. అందర్నీ వరండాలోకి రమ్మనండి."

హానిగన్ ఇంటి వరండాలోకి హాలు నుంచి పెద్ద గాజు తలుపు ఉంది. హేజల్ త్రీ నాట్ ఎయిట్ అందుకుని, గొట్టంలో తూటా లేదని రెండుసార్లు చూసుకుని, హానిగన్‌ని హాల్లోకి వెళ్ళి తలుపు మూసి దాని వెనకాల నిలబడమంది. ఇదేం తమాషా అని గొణిగాడు గానీ, లోమాక్స్ ఎదురుగా కాదనలేక వెళ్ళాడు. మామూలు కంటికి స్పష్టంగా కనబడుతున్నాడు. బొజ్జ, నెత్తుటి మరకల ప్యాంటు, చేతిలో బీరు సీసా, అన్నీ.

తుపాకీ ముందు లోమాక్స్‌కి అందించింది. అతను ముట్టుకోలేదు. అదెలా పనిచేస్తుందో నాకు తెలుసులే అన్నాడు. చెమట పట్టే ఎండ కాదది. అయినా కాలరు సడలించుకున్నాడు.

అప్పుడు టోబీకి ఇచ్చింది. అతను దుర్భిణికి కన్ను ఆనించాడు.  తల ఎత్తి తలుపువైపు చూశాడు, మళ్ళీ దుర్భిణిలో చూశాడు.

"మీ నాన్న కనబడుతున్నాడా?"

"లేదండి."

"ఏం కనబడుతోంది?"

"ఏమీ లేదండి. మసగ్గా... నా నీడే అనుకుంటా."

"థర్మల్ దుర్భిణి గాజు అవతల ఉన్నది చూడలేదు, టోబీ. అద్దం వేడిని ఆపేస్తుంది. నిన్న రాత్రి పర్విస్ అద్దం ఎక్కించుకుని కూర్చున్నాడు. ఈ దుర్భిణిలో నీకు అతని తల కనబడదు. భుజాలు కనబడవు. నోరు ఆడటం అసలే కనబడదు."

టోబీ తుపాకీ ఆమె చేతికిచ్చేశాడు. 

హేజల్ గొంతు తగ్గించింది. నోరు ఆడిన మాట మాత్రం నిజమేనని, ఆ సమయానికి పర్విస్ రొట్టె తింటున్నాడని, దీపం వెలుగుతోందని చెప్పింది. మామూలు గాజు దుర్భిణి ఉన్న చిన్న తుపాకీతో చూసినవాడికి అది దీపం కింద కూర్చుని రొట్టె తింటున్న మనిషిగానే కనబడి ఉంటుంది. నమిలే దవడలతో సహా. చూసి, తెలిసే కాల్చాడు. కాల్చి వచ్చాక ఆ దవడల సంగతి ఇంట్లో ఎవరికో చెప్పాడు. చెప్పి ఉంటే నవ్వుతూ చెప్పి ఉంటాడు. ఆ మాటే పందిగా మార్చి నీ నోట్లో పెట్టారంది.

"నీకెవరు చెప్పారు అది, టోబీ?"

గాజు అవతల హానిగన్ నోరు కదులుతోంది. కేకలు వేస్తున్నాడని మొహం చెబుతోంది, మాటలు వినబడటం లేదు. సీసా పట్టిన చేత్తో తలుపు మీద కొట్టాడు. టోబీ అటు చూడలేదు. తల దించుకుని, చాలా నెమ్మదిగా మొదలుపెట్టాడు. తను నిన్న రాత్రి బీడులోకే వెళ్ళలేదు. తుపాకీ పట్టి రెండేళ్ళయింది, పట్టనని తండ్రితో పోట్లాడి తన్నులు కూడా తిన్నాడు. మధ్యాహ్నం పర్విస్ ఇంటికొచ్చి గొడవ చేశాడు. కుళ్ళు మాంసాన్ని తన నంబరు కింద వేలాడదీస్తే ఊరుకోనని, పై అధికారుల దగ్గరికి వెళ్తానని అన్నాడు. ఆ కంగారూలను కాల్చిందెవరో కూడా చెబుతానన్నాడు, ఎందుకంటే అతిథిని అతను గుర్తుపట్టాడు.

"తెల్లారకముందే నాన్న నన్ను లేపాడు. నువ్వు కుర్రోడివి, పొరపాటంటే వదిలేస్తారు అన్నాడు. కాయితం కూడా ఆయనే రాసిచ్చాడు."

"మీ నాన్నా?"

"కాదండి. ఆ అతిథి."

"ఎవరా అతిథి?"

టోబీ ఎర్రబడ్డ కళ్ళెత్తి ఆమె భుజం మీదుగా వెనక్కి చూశాడు. లోమాక్స్ నిలబడి ఉండాల్సిన చోటికి.

"మీ పోలీసాయనే, మేడం. వారం నించీ మా ఇంట్లోనే ఉంటున్నాడు."

హేజల్ చటుక్కున వెనక్కి తిరిగింది. వరండాలో ఎవరూ లేరు. పక్కవైపు చిన్న తలుపు ఓరగా తెరిచి ఉంది. తుపాకుల గదిలోకి వెళ్ళే దారి అది. ఆమె చేతిలో ఉన్నది ఖాళీ తుపాకీ. తన పిస్తోలు బండిలో, తాళం వేసిన పెట్టెలో ఉంది. పొరపాటు చావు విచారణ అనుకుని తీసుకోలేదు. బండి వాకిలి అవతల.

హాల్లో ఎవరో నడిచిన చప్పుడు. గాజు అవతల హానిగన్ కేకలు ఆపేశాడు. వెనక్కి తిరిగి ఎవరితోనో ఏదో అన్నాడు, తల అడ్డంగా ఊపాడు, సీసా కింద పెట్టాడు. అతని బొజ్జ పక్కనుంచి సన్నటి నల్ల గొట్టం ఒకటి పైకి లేవడం హేజల్‌కి కనబడింది. టూ టూ త్రీ. అది ఆమెవైపు తిరగలేదు. టోబీ గుండెల ఎత్తుకి వచ్చి ఆగింది.

హానిగన్ గాజులోంచి కొడుకుని ఒకసారి చూశాడు. చూసి, గొట్టానికి అడ్డం లేకుండా, జాగ్రత్తగా పక్కకి తప్పుకున్నాడు.

హేజల్ టోబీ చొక్కా పట్టుకుని వరండా మెట్ల కిందికి లాగింది.